మొలిచిన అడవి, నాటిన అడవి: కోస్టారికా, వియత్నాంల లెక్క

తరిగిపోయిన అడవిని మళ్లీ పెంచుకున్న దేశాలంటే ముందుగా చెప్పే పేర్లలో కోస్టారికా, వియత్నాం ఉంటాయి. రెండింటి గ్రాఫులూ ఇంచుమించు ఒకేలా పడి లేస్తాయి. అందులో మనిషి నాటకుండా వచ్చింది ఎంత అని అడిగితే మాత్రం కథలు వేరైపోతాయి.

దీనికి దేశాలవారీగా అంకెలు దొరికేది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఐదేళ్లకోసారి తెచ్చే ప్రపంచ అటవీ వనరుల నివేదికలో. అర హెక్టారుకు మించిన నేల, 5 మీటర్లు దాటి ఎదిగే చెట్లు, నేలలో 10 శాతానికి మించి చెట్ల కొమ్మలు, ఆకుల కప్పు ఉంటే అది అడవి. దాన్ని మళ్లీ రెండు గడుల్లో వేస్తారు: సహజంగా పెరిగేది, నాటింది. 2020 నివేదికలో ప్రపంచ అడవిలో 93 శాతం మొదటి గడిదే. ఈ పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. నరికిన చోట తిరిగి మొలిచిందే కాదు, ఎన్నడూ గొడ్డలి పడని పాత అడవి కూడా అందులోకే వస్తుంది. ఒక మూల వెయ్యి హెక్టార్ల పాత అడవి పోయి, ఇంకో మూల బీడులో వెయ్యి హెక్టార్ల లేత చెట్లు లేస్తే, ఆ గడిలో అంకె కదలదు.

వియత్నాం సంగతి చూద్దాం. 1943లో దేశంలో 43 శాతం అడవి ఉండేది. యుద్ధం, అందులో అడవులపై చల్లిన విషపు మందులు, ఆ తర్వాత సాగు కోసం, కలప కోసం నరకడం... 1990కి అది 28 శాతానికి పడిపోయింది. 1992లో దుంగల ఎగుమతి ఆపారు. 1998లో 50 లక్షల హెక్టార్ల అడవి పెంపకం కార్యక్రమం మొదలైంది. 2020కి 42 శాతం దాటింది. వినడానికి 1943 తిరిగొచ్చినట్టే ఉంటుంది. కానీ ప్రభుత్వ లెక్కల్లోనే చూడండి: 1990 నుంచి 2020 మధ్య సహజ అడవి సుమారు 84 లక్షల హెక్టార్ల నుంచి 103 లక్షలకు వెళ్తే, నాటిన అడవి 7.5 లక్షల నుంచి 44 లక్షలకు ఎగబాకింది. అంటే కొత్తగా వచ్చినదాంట్లో మూడింట రెండొంతులు నాటిందే. అందులో చాలాభాగం త్వరగా పెరిగే తుమ్మ జాతి చెట్టు, అకేషియా. ఐదారేళ్లకే కొట్టి, ముక్కలు చేసి, కాగితం మిల్లులకు పంపుతారు. కొండల్లో కొన్నిచోట్ల హద్దులు పెట్టి, మేపకుండా, నరకకుండా వదిలేస్తే అడవి దానంతటదే లేచింది, అది నిజమే. పెరిగిన ఫర్నిచర్ పరిశ్రమకు పొరుగున ఉన్న లావోస్, కంబోడియాల కలప కూడా వచ్చిందన్న సంగతి ఈ అంకెల్లో ఉండదు.

కోస్టారికాలో జరిగింది ఎక్కువగా వదిలేయడమే. 1940లలో దేశంలో ముప్పావు వంతు అడవే. అమెరికాకు గొడ్డు మాంసం ఎగుమతి ఊపందుకున్నాక బ్యాంకులు పశువుల పెంపకానికి చవగ్గా అప్పులిచ్చాయి. అడవి కొడితే అది 'భూమిని బాగుచేయడం' కింద లెక్కకొచ్చి హక్కు గట్టిపడేది. 1980లకు అడవి నాలుగో వంతు చుట్టుపక్కలకు దిగింది. అప్పుడే మాంసం ధర పడింది, దేశం అప్పుల్లో కూరుకుపోయింది, రాయితీ రుణాలు ఆగాయి. రైతులు పచ్చిక బీళ్లను వదిలేశారు. 1996 అటవీ చట్టం, పెట్రోలు పన్నుతో భూమి యజమానులకు ఇచ్చే 'పర్యావరణ సేవల' చెల్లింపులు, అన్నీ దాని తర్వాతే. పేరు మాత్రం చట్టానికే వచ్చింది.

బీడు ఎలా అడవవుతుందో చూడాలంటే కోస్టారికా వాయవ్య ప్రాంతం గ్వానకాస్టే వెళ్లాలి. అక్కడ ఆఫ్రికా నుంచి తెచ్చిన జరాగువా గడ్డి ఏటా తగలబడి మొలకల్ని మాడ్చేసేది. జీవశాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్ బృందం మంటల్ని ఆపింది, గడ్డిని తగ్గించడానికి కొన్నిచోట్ల పశువుల్నే మేపింది. మిగతా పని గాలి, పక్షులు, జంతువులు మోసుకొచ్చిన విత్తనాలు చూసుకున్నాయి. 1990ల చివర్లో ఒక జ్యూస్ కంపెనీ నారింజ తొక్కలు, పిప్పి, వెయ్యి లారీల లోడు, దాదాపు 12,000 టన్నులు, అక్కడి 3 హెక్టార్ల బీడులో పోసింది. పోటీ కంపెనీ కోర్టుకెళ్లి ఆపించింది. పోసిన చోట మాత్రం అడవి లేచింది: 16 ఏళ్ల తర్వాత ఒక పరిశోధకుడు ఆ చోటు వెతుక్కుంటూ వెళ్తే, పసుపు అక్షరాల రెండు మీటర్ల బోర్డు కూడా తీగల్లో కప్పుకుపోయి దొరకలేదట.

అయితే కోస్టారికా చట్టం దృష్టిలో అడవి కావాలంటే కనీసం 2 హెక్టార్లు ఉండాలి, 70 శాతానికి మించి కప్పు ఉండాలి, హెక్టారుకు 15 సెంటీమీటర్లు, ఆపైన మందమున్న చెట్లు 60కి పైగా ఉండాలి. ఆ గీత దాటితే ఇక నరికి సాగుకు మార్చుకోవడం కుదరదు. దాంతో కొందరు రైతులు, గీత దాటకముందే పొదల్ని కొట్టేయడం మొదలుపెట్టారు. చట్టం ఇలా కూడా పనిచేస్తుంది మరి. దేశం దక్షిణ భాగంలో జరిగిన ఒక అధ్యయనంలో, తిరిగి మొలిచిన అడవిలో సగం 20 ఏళ్లలోపే మళ్లీ నేలకూలినట్టు తేలింది. అటు వియత్నాంలో కొట్టేసిన అకేషియా తోట, మళ్లీ నాటేదాకా ఖాళీగా ఉన్నా, ఐక్యరాజ్యసమితి నిర్వచనంలో అడవే.