రమ్ములో నీళ్లు, పాలలో నీళ్లు

"రమ్ము సీసా మీద 42.8 శాతం అని ఎందుకుంటుంది? 40 అనో 45 అనో పెట్టొచ్చుగా?" అని ఒక పాఠకుడు అడిగారు. జవాబు బ్రిటిష్ యుద్ధనౌకల్లో దొరుకుతుంది.

18వ శతాబ్దంలో అక్కడ నావికుడికి రోజుకు దాదాపు పావు లీటరు రమ్ము ఇచ్చేవారు. తాగి తూలుతున్నారని 1740లో అడ్మిరల్ వెర్నన్ దానికి నాలుగింతల నీళ్లు కలపమన్నాడు. అదే గ్రాగ్. మరి అంతకుముందే ఎవరైనా నీళ్లు కలిపేసి ఉంటే? పాలవాడి మీద మనకుండే అనుమానమే వాళ్లకు పర్సర్ మీద, అంటే ఓడలో సరుకుల లెక్క చూసే అధికారి మీద ఉండేది.

రమ్ముతో తడిపిన తుపాకిమందుకు నిప్పు పెట్టి చూసేవారంటారు. అంటుకుంటే సరుకు మంచిదే, అదే 'ప్రూఫ్'. నీళ్లెక్కువైతే తుస్సు. కథ బాగుంది కానీ, తుపాకిమందు ఎంత తడిసిందన్న దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది. కొలతగా పనికిరాదు.

1816లో చట్టం సైక్స్ హైడ్రోమీటర్‌ను తెచ్చింది, ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చెప్పే పరికరం. ఇది మన లాక్టోమీటర్‌కు అన్న, కాకపోతే తిరగేసిన అన్న. పాలు నీళ్లకన్నా బరువు. అందుకే నీళ్లు పోస్తే లాక్టోమీటర్ ఇంకా లోతుకు దిగుతుంది. ఆల్కహాల్ నీళ్లకన్నా తేలిక. రమ్ములో నీళ్లు పోస్తే హైడ్రోమీటర్ పైకి లేస్తుంది. క్లాసులో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సాంద్రత పాఠం ఎవరూ మర్చిపోరు. రమ్ము తేవడమే ఇబ్బంది.

51 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర అంతే పరిమాణం నీళ్ల బరువులో 12/13 వంతు తూగితే అది 'ప్రూఫ్ స్పిరిట్'. అందులో ఆల్కహాల్ 57.15 శాతం. మిగిలింది 42.85 శాతం నీళ్లేనా? కాదు! సుమారు 571 మి.లీ. ఆల్కహాల్‌లో 466 మి.లీ. నీళ్లు పోస్తే 1037 రావాలి కదా, లీటరే వస్తుంది. రెండు రకాల అణువులు ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కుని సర్దుకుంటాయి. అందుకే కూడికతో పని జరగదు, హైడ్రోమీటర్‌తో పాటు పట్టికలూ కావాలి.

ఇక మన సీసా సంగతి. ఎక్సైజ్ వాళ్లు '25 యూపీ' అంటారు, అంటే అండర్ ప్రూఫ్ 25, ప్రూఫ్‌కన్నా 25 శాతం తక్కువ. 57.15లో నాలుగో వంతు తీసేయండి. 42.86 వస్తుంది.

బ్రిటిష్ యుద్ధనౌకల్లో రమ్ము పంపిణీ 1970 జులై 31న ఆగిపోయింది. ఇత్తడి అక్షరాలు బిగించిన రమ్ము తొట్లు, వెదురుబుట్టలాంటి అల్లిక చుట్టిన గ్యాలన్ జాడీలు, రాగి కొలపాత్రలు ఇప్పుడు సేకర్తల పాలయ్యాయి. నా కన్ను మాత్రం సైక్స్ చెక్కపెట్టె మీదే: ఇత్తడి గుండు, థర్మామీటరు, వరసగా చిన్న బరువులు. పెట్టె మూత విరిగినా కొంటాను, బరువుల్లో ఒక్కటి తగ్గినా కొనను.