చిలకను తీసేసి చూస్తే

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు హన్మకొండలో మా ఇంటికొచ్చి, రెండు కాగితాలు నా ముందు పెట్టాడు.

"పెద్దబాపూ, నా రాత ఎడమ దిక్కు ఒరిగిందంట. టీ అక్షరం మీద గీత కిందికున్నదంట. అందుకే నన్ను తీస్కోలేదంట."

ఓ ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం. గీతల్లేని తెల్లకాగితం ఇచ్చి, మీ గురించి ఇంగ్లిషులో ఒక పేజీ రాయమన్నారట. ఆ పేజీ చేతిరాత నిపుణుడి దగ్గరికి పోయింది, ఆయన నివేదిక ఇచ్చాడు. వాడు బతిమాలి రెండింటి కాపీలూ తెచ్చుకున్నాడు.

నివేదిక చదివి నేనే అదిరిపడ్డాను. కుటుంబ బాధ్యత తెలిసినవాడు. చదువులో ఎదురుదెబ్బ తిన్నాడు. పడ్డా లేస్తాడు. నలుగురిలో మాట్లాడటానికి జంకుతాడు. మావాడు అచ్చం ఇంతే!

తర్వాత వాడు రాసిన పేజీ చదివాను. మొదటి పేరాలో వాళ్ల నాన్నకు పరకాలలో టైలరింగ్ షాపు ఉందనీ, చెల్లి పెళ్లికి తనూ కూడబెడుతున్నాననీ ఉంది. రెండో పేరాలో బీకాంలో ఒక పేపరు పోయిందనీ, మళ్లీ రాసి పాసయ్యాననీ ఉంది. చివర్లో, ఇంగ్లిషు మాట్లాడటం నేర్చుకుంటున్నానని రాసి, రెండు మాటలు కొట్టేసి మళ్లీ రాశాడు. నివేదికలోని నాలుగు ముక్కలూ పేజీలోనే ఉన్నాయి. టైపు చేసి ఇచ్చినా దొరికేవి.

ఐనవోలు జాతరలో చిలక జోస్యం చూసే ఉంటారు. చిలక బయటికొచ్చి ఒక కార్డు లాగుతుంది, గింజ తిని లోపలికి పోతుంది. మన కళ్లన్నీ చిలక మీదే. ఆలోపు పంజరం వెనకాయన మన చెప్పులు చూస్తాడు, మెడలో పుస్తెలున్నాయో లేదో చూస్తాడు, పక్కనున్న అమ్మ ఏమని నిట్టూర్చిందో వింటాడు. జోస్యం నిజమైతే ఆ పేరు చిలకకు. చేతిరాత విశ్లేషణలో ఒరుగు, పెన్ను ఒత్తిడి, టీ గీత చిలక అయితే, రాసిన విషయం ఆ అమ్మ నిట్టూర్పు.

సరే, చిలకకు నిజంగా ఎంత తెలుసో ఎలా తేల్చాలి? రెండు మార్గాలు. ఒకటి, చిలకను తీసేసి ఆ మనిషినే చెప్పమనాలి. రెండోది, చిలకను ఉంచి ఆయన కళ్లూ చెవులూ మూయాలి. ఈ రెండూ చేసి చూశారు. నేటర్, బెన్-షాఖర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకులు 1989లో అలాంటి 17 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. గ్రాఫాలజీ, అంటే ఈ చేతిరాత విశ్లేషణ, ఓనమాలు కూడా తెలియని సైకాలజిస్టులు నిపుణులకిచ్చిన రాతలే చదివి, ఎవరు పనిలో ఎలా ఉంటారో వాళ్లకేమీ తీసిపోకుండా చెప్పారు. అది చిలక లేని జోస్యం. రాసేవాళ్ల గురించి ఏమీ చెప్పని, అందరూ ఒకేలా రాసిన పాఠం ఇస్తే నిపుణుల అంచనాలు దాదాపు సున్నాకు పడిపోయాయి. అది చిలక ఒక్కదాని జోస్యం.

గ్రాఫాలజీ చరిత్ర నాకు విసుగు, దాటేస్తాను. ఒక్క ముచ్చట మాత్రం వదలలేను. ఫ్రాన్సులో తెలివితేటల పరీక్షకు 1905లో పునాది వేసిన ఆల్ఫ్రెడ్ బినే, మరుసటి ఏడాదే చేతిరాత నిపుణుల్ని పరీక్షించి పుస్తకం వేశాడు. కవరు మీది చిరునామా చూసి రాసింది ఆడో మగో చెప్పమంటే, నిపుణులు సగానికంటే బాగా ఎక్కువే సరిగ్గా చెప్పారు. మామూలు జనం కూడా సగానికి పైనే చెప్పారు. అంటే రాతలో ఏమీ లేదని కాదు. పార్కిన్సన్ జబ్బులో అక్షరాలు చిన్నవైపోతాయి, డాక్టర్లు దాన్ని చూస్తారు. కోర్టులో నిపుణుడిని పిలిచి ఈ సంతకం ఎవరిదని అడుగుతారు. ఆ చెయ్యి నిజాయితీ గలదా అని మాత్రం అడగరు.

మావాడి ఎడమ ఒరుగు సంగతి డైనింగ్ టేబుల్ మీదే తేలిపోయింది. నోట్‌బుక్ కాస్త తిప్పి పెట్టి అదే వాక్యం రాయించాను. అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. ఇంకాస్త తిప్పితే కుడికి వాలాయి. ఐదు నిమిషాల్లో మూడు వ్యక్తిత్వాలు! ఇక టీ గీత ఎత్తును బట్టి ఆత్మవిశ్వాసం చెప్పే ఈ శాస్త్రాన్ని తెలుగుకు తెస్తే మనకున్నది తలకట్టు. ఖ, జ, ట, ణ, బ, ల అక్షరాలకు అదీ లేదు. బాలరాజులూ, జలజలూ ఆత్మవిశ్వాసం ఎక్కడ తెచ్చుకోవాలి?

మరి సైకోమెట్రిక్ పరీక్షలు, అంటే ఉద్యోగాలకు పెట్టే తెలివితేటల, స్వభావ పరీక్షలు? ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. 1998లో ష్మిట్, హంటర్ 85 ఏళ్ల పరిశోధనలు కలిపి, ఏ పద్ధతి పనితీరుతో ఎంత సరిపోతుందో చెప్పారు. ఆ సరిపోలికను చెప్పే అంకె సహసంబంధం: అసలు సంబంధం లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1. గ్రాఫాలజీ సహసంబంధం 0.02. తెలివితేటల పరీక్ష 0.51. ఈ అంకెలు చూస్తే ఏమీ తట్టదు కాబట్టి ఇలా మార్చుకుందాం. అభ్యర్థుల్ని పరీక్షను బట్టి పై సగం, కింది సగం చేయండి. పై సగంలోంచి తీసుకున్నవాడు పనిలోనూ పై సగంలో తేలే అవకాశం ఎంత? రెండు కొలతలూ గంట ఆకారంలో పరుచుకుంటాయనుకుంటే, సహసంబంధపు ఆర్క్‌సైన్‌ను π (3.14)తో భాగించి సగానికి కలపాలి. 0.51కి 67 శాతం వస్తుంది. 0.02కి 50.6. రూపాయి బిళ్ల ఎగరేస్తే 50 ఎలాగూ వస్తుంది. నిపుణుడి ఫీజంతా ఆ 0.6 కోసం.

2022లో సాకెట్ బృందం ఈ లెక్కల్ని తిరగదోడింది. పరీక్ష రాసి ఉద్యోగం రానివాళ్లు పనిలో ఎలా ఉండేవాళ్లో ఎప్పటికీ కనబడదు. ఎన్ఐటీలో చేరినవాళ్లలోనే జేఈఈ ర్యాంకు ప్రభావం వెతికితే చిన్నగా కనబడేది అందుకే, జల్లెడ ముందే పట్టేశారు. ఈ లోటు పూడ్చడానికి పాతవాళ్లు అంకెల్ని మరీ పెంచేశారని సాకెట్ వాదన. కొత్త లెక్కలో తెలివితేటల పరీక్ష 0.31కి దిగింది, మన భాషలో 60 శాతం. అందరినీ ఒకే ప్రశ్నలడిగి, ఒకే పద్ధతిలో మార్కులు వేసే ఇంటర్వ్యూ 0.42తో పైకి వచ్చింది.

ఈ సైకోమెట్రిక్ పరీక్షల్లోనూ చిలకలున్నాయి. "పని వాయిదా వేయను" అన్న ప్రశ్నకు ఉద్యోగం కావలసినవాడెవడైనా కాదని టిక్కు పెడతాడా? తెలుగు మీడియం పిల్లవాడికి లాజిక్ ప్రశ్న పొడుగాటి ఇంగ్లిషులో ఇస్తే, తెలిసేది వాడి లాజిక్కా, ఇంగ్లిషా? మావాడు మూడు పరీక్షల్లో ఇక్కడే ఆగిపోయాడు.

పోయిన వారం వరంగల్‌లో ఒక విత్తనాల దుకాణం ఓనరు వాడిని ఏమీ అడగలేదట. ఓ బిల్లుల కట్ట ఇచ్చి, ట్యాలీలో ఎక్కించమని గంట టైమిచ్చాడు. ఒకే బిల్లు రెండు కాపీలుగా కట్టలో ఉందని వీడు పట్టుకున్నాడు. సోమవారం నుంచి రమ్మన్నారు. అక్కడ కాగితం మీద వేసిన కూడికలు నాకు చూపించాడు. ఏడు ఏదో, ఒకటి ఏదో నాకైతే తెలియలేదు.