ఇసుక ఆగిన చోట నీరు ఆగలేదు: సునామీ మేటలపై అపోహలు, వాస్తవాలు

తీరంలోని చిత్తడి నేలల్లో గోతులు తవ్వి మట్టి పొరలు చదవడం మా పని. ఏ ఊరికి వెళ్లినా మొదట వినిపించే మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: 2004 లాంటి సునామీ అంతకుముందు ఎన్నడూ రాలేదు.
వచ్చింది, రాసిపెట్టినవాళ్లే లేరు. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ దీవిలో ఇసుక దిబ్బల మధ్య పల్లంలో తవ్వితే, పైన 2004 నాటి తెల్లని ఇసుక మేట 5 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది. దాని కింద కుళ్లిన వేళ్లతో నల్లమట్టి, ఆ కింద మళ్లీ తెల్లని ఇసుక. ఆ పాత పొర వయసు 550 నుంచి 700 ఏళ్లని 2008లో ప్రకటించారు. ఇంకా లోతుకు పోతే అంతకంటే పాతవీ ఉన్నాయి.

అపోహ: గవ్వలు లేకపోతే అది సముద్రం తెచ్చిన మేట కాదు.
2011లో జపాన్‌లోని సెందాయ్ మైదానంలో సునామీ అల తీరపు ఇసుకనూ పొలాల మట్టినీ కోసుకుంటూ లోపలికి పోయింది. ఆ మేటలో సముద్రజీవుల ఆనవాళ్లు చాలా తక్కువ.

అపోహ: ఇసుక ఎంత దూరం పరచుకుంటే నీరూ అంతే దూరం వచ్చినట్లు.
ఈ లెక్క మా రంగాన్నే ముంచింది. అదే మైదానంలో 869 నాటి జోగన్ సునామీ ఇసుకను అప్పటికే గుర్తించారు. ఆ ఇసుక హద్దు దాకా నీరు వస్తే చాలనుకుని, దాన్ని పుట్టించిన భూకంపం తీవ్రతను 8.4 దగ్గర కట్టారు. 2011లో ఇసుక సుమారు 3 కిలోమీటర్ల దగ్గర పలచబడి మాయమైంది, నీరు మాత్రం 4 కిలోమీటర్లు దాటి పారింది. ఆ మిగిలిన మేర పడింది బురదే. ఏళ్లు గడిస్తే అది పొలం మట్టిలో కలిసిపోతుంది. తరువాతి లెక్కల్లో జోగన్ తీవ్రత కనీసం 8.6 అయింది.

అపోహ: ఉప్పెన మేటకూ సునామీ మేటకూ తేడా చూడగానే తెలుస్తుంది.
1977 దివిసీమ ఉప్పెననూ 2004 సునామీనీ చూసిన తీరం మనది, ఇక్కడ తొందరపడితే పొరపడతాం. ఉప్పెన వేసిన ఇసుక సాధారణంగా ఒడ్డు దగ్గర మందంగా, సన్నని పొరలు పొరలుగా ఉంటుంది. సునామీది పలచగా దూరం పోతుంది. అడుగు నుంచి పెళ్లగించిన మట్టిబెడ్డలు ఇసుకలో ఇరుక్కుని కనిపిస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ కచ్చితమైన రుజువు కాదు. ఒక్క గొయ్యి చూపించి సునామీ అంటే నేను ఒప్పుకోను. అదే పొర ఒడ్డు నుంచి లోపలికి వరుసగా తవ్విన గోతుల్లో కనిపించాలి.