వర్షాకాలం నడుమ ఒక పొడి వారం

ఆగస్టు మూడో వారంలో వాతావరణ కేంద్రం విడుదల చేసే బులెటిన్ ఒక్కోసారి చాలా క్లుప్తంగా ఉంటుంది. రానున్న ఐదు రోజులు వాతావరణం ప్రధానంగా పొడిగా ఉంటుందని, ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడవచ్చని, పగటి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే రెండు మూడు డిగ్రీలు పెరగవచ్చని మాత్రమే అందులో రాస్తారు. హెచ్చరికలేవీ లేవు గనుక పటంలో జిల్లాలన్నీ ఆకుపచ్చ రంగులోనే కనిపిస్తాయి. నగరవాసికి ఇది గొడుగు అక్కర్లేని వారం. మఖ కార్తె వానకోసం ఎదురుచూసే మెట్ట రైతుకు మాత్రం ఆ నాలుగు వాక్యాలు భారీ వర్ష సూచన కంటే తక్కువ ముఖ్యమైనవి కావు.

జూలై, ఆగస్టు నెలల్లో రుతుపవన ద్రోణి, అంటే గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, సాధారణంగా రాజస్థాన్ నుంచి గంగా మైదానం మీదుగా ఉత్తర బంగాళాఖాతం వరకు పరచుకొని ఉంటుంది. దాని తూర్పు కొస సముద్రంలో ఉన్నంతకాలం అక్కడ అల్పపీడనాలు ఏర్పడి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల వైపు కదులుతూ తెలంగాణకు, ఉత్తర కోస్తాకు వానలు తెస్తాయి. ఆ ద్రోణి ఉత్తరానికి జరిగి హిమాలయ పాదాలను చేరినప్పుడు వానలు కూడా ఆ కొండల వైపే మళ్లుతాయి, మధ్య భారతంలోనూ దక్కనులోనూ మబ్బు పలచబడుతుంది. శాస్త్రవేత్తలు దీన్నే రుతుపవన విరామం అంటారు. పడమటి గాలి మాత్రం ఆగదు. పశ్చిమ కనుమలు దాటేలోపే తేమలో చాలా భాగం కోల్పోయిన ఆ గాలి పీఠభూమి మీద రోజంతా వీస్తూ, నేలలో మిగిలిన తడిని కూడా ఆరగొడుతుంది. అయితే ఇదే సమయంలో తమిళనాడులోనూ, దాన్ని ఆనుకొని ఉన్న రాయలసీమ దక్షిణ భాగంలోనూ సాయంత్రాలు ఉరుములతో వానలు పడుతుంటాయి గనుక, విరామమంటే అన్ని జిల్లాలకూ ఒకేలా ఎండ అనుకోకూడదు.

విరామం ఎంత తీవ్రంగా ఉండగలదో 2023 చూపింది. ఆ ఏడాది జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో దేశం సగటున 254.9 మిల్లీమీటర్లకు గాను 162.7 మిల్లీమీటర్లే పొందింది, 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు అంతకుముందు లేదు. సీజన్ మొత్తం వర్షపాతాన్ని చూసి పంట గురించి నిర్ణయానికి రావడం ఎంత ప్రమాదమో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

బులెటిన్‌లోని మాటలకు కచ్చితమైన కొలతలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని అర్థం, ‘తేలికపాటి’ అంటే రోజుకు 15.5 మిల్లీమీటర్లకు మించని వాన. ఎర్ర చెల్కలో ఐదు మిల్లీమీటర్ల జల్లు పడితే పైమట్టి మాత్రమే తడుస్తుంది, మర్నాటి ఎండకు అదీ ఆరిపోతుంది. నల్లరేగడి అంత తొందరగా బెట్టకు, అంటే నీటి ఎద్దడికి, రాదు, కానీ అది నెర్రెలిచ్చాక ఆ పగుళ్ల గుండా లోపలి తడి కూడా పోతుంది.

అనంతపురం వైపు వేరుశనగ చేలో ఈ నష్టాన్ని కళ్లారా చూడవచ్చు. పూత రాలిన చోట నుంచి సన్నని ఊడ కిందికి సాగి, మట్టిలోకి దిగిన తర్వాతే దాని కొన కాయగా ఊరుతుంది. జూలైలో విత్తిన పంటకు ఊడలు దిగే దశ సరిగ్గా ఆగస్టు రెండో సగంలో వస్తుంది. అప్పుడు పైమట్టి గట్టిపడితే ఊడ లోపలికి దిగలేక నేలమీదే ఎండిపోతుంది, చెట్టు పచ్చగా ఉన్నా కాయ ఉండదు.

అందువల్ల పొడి వారాన్ని ముందే తెలుసుకోవడం వల్ల చేతికొచ్చే పనులు కొన్ని ఉన్నాయి. పత్తి సాళ్ల మధ్య గుంటక తోలి నెర్రెలను పూడ్చవచ్చు, తడి లేని నేలలో యూరియా పైపాటు వేయకుండా ఆపవచ్చు, కుంటలో నీళ్లుంటే కీలక దశలో ఒక్క తడి ఇవ్వవచ్చు, బెట్టలో పెరిగే తామర పురుగుల కోసం ఆకుల అడుగు భాగం చూసుకోవచ్చు. మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాల్లో ఇలాంటి సూచనలే ఉంటాయి. విరామం ఎప్పుడు తీరుతుందో అంచనా వేయడానికి వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే నాలుగు వారాల ముందస్తు అంచనా ఉపయోగపడుతుంది. అందులో మొదటి రెండు వారాలను ఎక్కువ నమ్మవచ్చు, తర్వాతివి దిశను మాత్రమే చెబుతాయి. ద్రోణి దక్షిణానికి జరుగుతోందని, వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే అవకాశం ఉందని బులెటిన్‌లో కనిపించిన రోజున, ఆపిన యూరియాను మళ్లీ సిద్ధం చేసుకోవచ్చు.