వేడి హబ్బు, చల్లటి కాలువ నీళ్ళు

ఉభాలు (వరి నాట్లు) ముగిసి, దమ్ము చక్రాలు విప్పి పశువుల శాల పక్కన పడేసే రోజులకు నరసన్నపేట, రాజాం, బొబ్బిలి వంటి ఊళ్ళలోని ట్రాక్టరు షెడ్లకు ఒకే రకం ఫిర్యాదుతో బళ్ళు రావడం మొదలవుతుంది. ముందు చక్రం ఊగుతోందని, రోడ్డెక్కితే గరగరమంటోందని, హబ్బు, అంటే చక్రం నడిబొడ్డు, మీద చెయ్యి ఆనించలేకపోతున్నామని చెబుతారు. మేస్త్రి హబ్బు మూత ఊడదీసి, లోపలి గ్రీజును వేలితో తీసి వెలుతురులో చూసి, "నీళ్ళు తాగీసింది బాబూ" అని తేల్చేస్తాడు. నెలల తరబడి బురదలో నానడం వల్లనే హబ్బు లోపలి బేరింగు (రెండు ఉక్కు వలయాల మధ్య గోళీలో రోలర్లో దొర్లే భాగం) పాడైందని యజమాని అనుకోవడం సహజమే. అయితే బురదలో పని చేస్తున్నంతసేపూ హబ్బు నెమ్మదిగా, చల్లగా తిరుగుతుంది. సాయంత్రం రోడ్డు మీద వేగంగా వచ్చి వేడెక్కిన బండిని తిన్నగా కాలువలోకి దించి కడిగే ఆ కొద్ది నిమిషాలే దానికి గడ్డుకాలం.

కారణం చాలా సాధారణమైన భౌతికశాస్త్రం. హబ్బు లోపల గ్రీజు నిండని చోటంతా గాలి ఉంటుంది. చక్రం తిరిగే కొద్దీ ఆ గాలి వేడెక్కి వ్యాకోచించి, కొంత భాగం సీలు (నీరు, దుమ్ము లోపలికి రాకుండా ఆపే రబ్బరు వలయం) అంచు గుండా బయటకు పోతుంది. హబ్బు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండగా దానిని 28 డిగ్రీల నీటిలో ముంచితే, లోపల మిగిలిన గాలి ఒక్కసారిగా సంకోచిస్తుంది. కెల్విన్ కొలతలో చెప్పాలంటే 333 నుంచి 301కి ఉష్ణోగ్రత పడిపోతుంది. పరిమాణం మారని చోట పీడనం కూడా అదే నిష్పత్తిలో, అంటే దాదాపు పదో వంతు, తగ్గుతుంది. పదో వంతు వాతావరణ పీడనమంటే సుమారు ఒక మీటరు ఎత్తు నీటి బరువుకు సమానం. చక్రం కాలువలో జానెడు లోతున మాత్రమే మునిగినా, దాని సీలు మీద మీటరు లోతున ఉన్నంత ఒత్తిడి పడుతుందన్న మాట. కొత్త సీలు దీనిని తట్టుకోవచ్చు గాని, ఇసుక రాపిడికి అంచు అరిగిన సీలు మాత్రం ప్రతి మునకకూ కొద్దిగా నీటిని లోపలికి వదులుతూనే ఉంటుంది.

ఇదే సంగతి తీవ్రరూపంలో కనిపించే యంత్రం ఒకటుంది. అది మన వైపు ఎక్కడా కనబడని మంచు స్కూటరు, అంటే స్నోమొబైలు. మన దేశంలో గుల్మర్గ్‌కు వెళ్ళిన పర్యాటకులు దానిని చూసి ఉంటారు. సియాచిన్‌లో సైన్యం కూడా దానిని వాడుతుంది కనుక, సైన్యానికి ఎందరినో పంపిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో దాని మీద ఎక్కినవారు అక్కడక్కడ ఉండకపోరు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ అర్మాన్ బొంబార్డియే 1937లో పళ్ళ చక్రంతో రబ్బరు పట్టాను నడిపే పద్ధతికి పేటెంటు పొంది, 1959లో స్కీ-డూ అనే తేలికపాటి బండిని విపణిలోకి తెచ్చాడు. ఈ బండికి ముందు రెండు స్కీలు (మంచు మీద జారే పలకలు), వెనుక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటాయి. ఆ పట్టా లోపల, సస్పెన్షన్ పట్టీల వెంట, రబ్బరు అంచు గల చిన్న చిన్న చక్రాలు అమర్చి ఉంటాయి. బండి బరువును పట్టా మీదికి దించడం, పట్టా దారి తప్పకుండా చూడడం వాటి పని.

ఆ చక్రాలు చిన్నవి కావడమే వాటి బేరింగుల కష్టాలకు మూలం. 18 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 2,950 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో 60 సెంటీమీటర్ల మోటారు సైకిలు చక్రం తిరిగేది 900 చుట్లకు లోపే. పొలం నుంచి ఇంటికి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే ట్రాక్టరు ముందు చక్రమైతే 200 చుట్లు కూడా తిరగదు. అంత వేగంగా తిరిగి వేడెక్కిన హబ్బు మీద మంచు పొడి నిరంతరం పడి కరుగుతూ ఉంటుంది. బండి ఆగిన తర్వాత 40 డిగ్రీల హబ్బు సున్నాకు 20 డిగ్రీల కిందికి పడిపోతే లోపలి పీడనం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయానికి సీలు చుట్టూ ఉన్నది కరిగిన మంచు నీరు. లోపలికి చేరిన ఆ నీరు రాత్రికి గడ్డకట్టి గోళీలను బిగించేస్తే, మర్నాడు ఉదయం చక్రం తిరగకుండా పట్టాకు రాసుకుంటూ పోతుంది, దాని రబ్బరు ఒక పక్కన చదునుగా అరిగిపోతుంది. అక్కడ గడ్డకట్టే నీరు మన దగ్గర బురదగా మారుతుంది. నీరు లోపలికి చేరే దారి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఈ చక్రాలలో తరచుగా వాడే బేరింగులలో ఒకటి 6205. ఇదే బేరింగు మన ఊరి మోటార్లలోనూ పంపులలోనూ కూడా కనిపిస్తుంది. లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. అంకెలలోని చివరి 05ను ఐదుతో హెచ్చిస్తే రంధ్రం కొలత వస్తుంది. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది గనుక, చెడిన బేరింగు మీద అంకెలు సగం చెరిగిపోయినా దుకాణదారు ఇరుసును కొలిచి సరైనది తీసి ఇవ్వగలడు. అంకెల తర్వాత ఉండే అక్షరాలను మాత్రం చాలామంది పట్టించుకోరు. జెడ్-జెడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూతలు ఉన్నాయని అర్థం. అవి లోపలి వలయాన్ని తాకవు, సన్నని సందు ఉంటుంది, దుమ్మును ఆపగలవు గాని నీటిని ఆపలేవు. 2ఆర్ఎస్ అని ఉంటే రెండు పక్కలా వలయాన్ని తాకే రబ్బరు సీళ్ళు ఉంటాయి. నీళ్ళలో తిరిగే చక్రానికి ధర తక్కువని జెడ్-జెడ్ వేయించడం తెలివైన పని కాదు.

గోళీకీ, అది దొర్లే గాడికీ మధ్య నూనె పొర మందం సాధారణంగా ఒక మైక్రాను కంటే తక్కువ. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని ఆ పొర చెక్కు చెదరనంత కాలం ఉక్కు ఉక్కును నేరుగా తాకదు, అరుగుదల దాదాపు ఉండదు. అందులో నీరు కలిస్తే పొర పలచబడుతుంది, చోటు చోట తెగుతుంది. దమ్ము బురదలోని సన్నని ఇసుక చేరితే పరిస్థితి మరింత విషమిస్తుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిపడిన బేరింగు ఉక్కును సైతం గీయగలదు. ఇక తుప్పు సంగతి. బేరింగు నిగనిగలాడుతూ ఉంటుంది గనుక అది తుప్పు పట్టని ఉక్కు అని చాలామంది భ్రమపడతారు. మామూలు బేరింగు ఉక్కులో కార్బను ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం మాత్రమే ఉంటాయి. స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి క్రోమియం కనీసం పదిన్నర శాతమైనా కావాలి. అందుకే నీటి చుక్క నిలిచిన చోట రోజుల్లోనే ఎర్రటి మచ్చ పడుతుంది. నౌపడా ఉప్పు మడుల దగ్గరా, భావనపాడు, కళింగపట్నం వంటి తీరప్రాంతాలలోనూ తిరిగే బళ్ళకు ఉప్పులోని క్లోరైడు తోడై ఈ పని ఇంకా త్వరగా సాగుతుంది.

బరువు ఎక్కువ వేయడం వల్లనే బేరింగు పోయిందనే మాట తరచుగా వినిపిస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాదు. బాల్ బేరింగు మీద భారం సగానికి తగ్గిస్తే లెక్క ప్రకారం దాని ఆయుష్షు ఎనిమిది రెట్లవుతుంది. కానీ ఆ లెక్క శుభ్రమైన గ్రీజులో తిరిగే బేరింగుకు వేసినది. నీరు చేరిన బేరింగు ఆ ఆయుష్షు దగ్గరకు చేరే లోపే తుప్పు గుంటలు పడి చెడుతుంది. భారం తగ్గించినంత మాత్రాన దానిని కాపాడలేం.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎడ్లబండి ఇరుసుకు వాళ్ళు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి పూసేవారు. పలచని నూనెను నిలబెట్టడానికి ఒక చిక్కని పదార్థం కావాలన్న సూత్రం అందులో ఉంది. నేటి గ్రీజులోనూ ఉన్నది అదే. సబ్బు వంటి చిక్కని పదార్థం స్పాంజిలాగా నూనెను పట్టి ఉంచి, అవసరమైన చోట కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ సబ్బు ఏ లోహానిదన్న దానిని బట్టి గుణం మారుతుంది. సోడియం గ్రీజు నీళ్ళలో కొట్టుకుపోతుంది. పాతకాలపు కాల్షియం గ్రీజు నీటికి చక్కగా నిలుస్తుంది గాని 100 డిగ్రీల దరిదాపుల్లోనే కారిపోతుంది. లిథియం గ్రీజు దాదాపు 190 డిగ్రీల వరకు కరగకుండా ఉండి, నీటిని కూడా ఒక మోస్తరుగా తట్టుకుంటుంది. కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు ఖరీదైనదే అయినా నీటికీ తుప్పుకూ బాగా నిలుస్తుంది, దమ్ము సీజనుకు నా ఓటు దానికే. మంచు స్కూటరుకైతే చలికి బిగుసుకుపోని సింథటిక్ నూనెతో చేసిన గ్రీజు కావాలి, ఆ బాధ మనకు లేదు. ఏది వాడినా రెండు రకాలు కలపకపోవడం మంచిది. ముఖ్యంగా లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు ఎక్కిస్తే సాధారణంగా రెండూ మెత్తబడి కారిపోతాయి.

కడగడం మానమని ఎవరూ చెప్పరు, బురద ఎండి సీలు అంచున గట్టిపడితే అదీ హానికరమే. చెయ్యవలసిందల్లా పొలం నుంచి రాగానే కాకుండా, అరగంటో గంటో ఆగి, హబ్బు మీద అరచేయి హాయిగా ఆనించగలిగినప్పుడు కడగడం. పట్టణాల్లో మోటారు సైకిళ్ళు కడిగే పంపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ యంత్రాలు 100 బార్లకు పైగా పీడనంతో నీటిని చిమ్మగలవు; ఆ ధారను నేరుగా చక్రం మధ్య భాగానికి పెడితే ఏ రబ్బరు సీలూ ఆగదు. కడిగిన తర్వాత కాసేపు బండి నడిపితే హబ్బు వెచ్చబడి, అంచున నిలిచిన తడి ఆరిపోతుంది. వరద నీట మునిగిన బళ్ళ సంగతి వేరు. 2018 అక్టోబరులో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ వంటి తుపాను తర్వాత ఇంజనాయిలు మార్చడం అందరికీ గుర్తుంటుంది, చక్రాల బేరింగులు మాత్రం గుర్తుకు రావు. అవి మోగడం మొదలుపెట్టేది కొన్ని వారాలు గడిచాకే.

పరీక్షించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే టక్కుమనే వదులు తగలకూడదు. చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి ఇరుసు పక్కనున్న లోహం మీద ఆనిస్తే, చెవికి అందని గరుకు వేళ్ళకు తెలుస్తుంది. మూత తీశాక గ్రీజు రంగు చాలా చెబుతుంది: మజ్జిగ రంగులో తెల్లగా నురుగు తేలితే నీరు కలిసింది, ఇటుక రంగుకు తిరిగితే తుప్పు మొదలైంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపినప్పుడు కరకరలాడితే ఇసుక చేరింది. రోలర్లు నీలి ఛాయకు తిరిగి ఉంటే అవి మితిమీరి వేడెక్కినట్లు, ఇక కడిగి వాడే ఆలోచన మానుకోవాలి.

ట్రాక్టరు ముందు హబ్బులో ఉండేవి సాధారణంగా టేపరు రోలరు బేరింగులు, అంటే ఒక కొసకు సన్నబడే రోలర్లు ఉన్నవి. వాటికి గ్రీజు పైపైన పూస్తే చాలదు. ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కోను (రోలర్లతో కూడిన లోపలి వలయం) వెడల్పాటి అంచును దానికేసి ఒత్తుతూ పోతే, రోలర్ల మధ్య నుంచి అవతలి అంచున గ్రీజు సన్నని పురుగుల్లా బయటకు వస్తుంది; చుట్టూ అలా వచ్చేదాకా ఒత్తాలి. తర్వాత చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, తిప్పడం కొద్దిగా బరువనిపించగానే, నట్టు ఊడకుండా ఆపే కాటరు పిన్ను రంధ్రం కుదిరేంత మేర వెనక్కి వదలాలి. పాత సీలునే మళ్ళీ వేయడం మన షెడ్లలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు.

బాల్ బేరింగును హబ్బులోకి దిగగొట్టేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదే పడాలి. లోపలి వలయం మీద కొడితే ఆ అదురు గోళీల గుండా గాడికి చేరి కంటికి కనబడని నొక్కులు పడతాయి, కొత్త బేరింగు మొదటి రోజే మోగుతుంది. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టం బుష్షును ఎక్కడో పారేసి ఇరుసు నట్టు బిగిస్తే, ఆ బిగువంతా గోళీల మీద పడుతుంది. మంచు స్కూటరు చక్రాల దగ్గరైనా, మోటారు సైకిలు చక్రాల దగ్గరైనా ఇది వర్తిస్తుంది. ఇరుసు తిరగకుండా చక్రమే తిరిగే చోట లోపలి వలయంలో ఎప్పుడూ అడుగు పక్కనే భారం పడుతుంది. బాగున్న బేరింగును గ్రీజు కోసం విప్పినప్పుడు లోపలి వలయాన్ని సగం చుట్టు తిప్పి బిగిస్తే, అరగని పక్క పనిలోకి వస్తుంది. సీలున్న బేరింగులోనూ సన్నని బ్లేడుతో లోపలి అంచు నుంచి రబ్బరు మూతను లేపి గ్రీజు మార్చవచ్చు, మంచు స్కూటర్ల యజమానులు ఏటా చేసే పని ఇది. వేగంగా తిరిగే చక్రానికి ఖాళీలో మూడో వంతు గ్రీజు చాలు, ఎక్కువైతే చిలికి వేడెక్కుతుంది. నెమ్మదిగా నీళ్ళలో తిరిగేదానికి అంతకంటే నింపినా నష్టం లేదు.

మంచు దేశాల్లో వేసవిలో, ఇక్కడ దమ్ము అయ్యాక, యంత్రం నెలల తరబడి కదలకుండా ఉంటుంది. అప్పుడు లోపల మిగిలిన తడి గోళీలు ఆనిన చోట్లనే పని చేసి, గాడి పొడవునా గోళీల ఎడంతోనే తుప్పు గీతలు వేస్తుంది. అందుకని పాత గ్రీజుతో పక్కన పెట్టకుండా, సీజను ముగిసిన వారంలోనే గ్రీజు మార్చాలి. గ్రీజు ఎక్కించే నిపుల్ ఉన్నచోట పాతది పూర్తిగా బయటకు వచ్చి కొత్త రంగు కనబడేదాకా గ్రీజుగన్ నొక్కాలి. ఆ తర్వాత నెలకొకసారి ప్రతి చక్రాన్నీ నాలుగైదు చుట్లు తిప్పి, మునుపు ఆగిన చోట కాకుండా వేరే చోట ఆపాలి. రోటావేటరు బేరింగులకూ ఇదే పద్ధతి, కాకపోతే వాటి సీళ్ళకు గడ్డి పోచలు, ప్లాస్టిక్ తాళ్ళు చుట్టుకుని ఉంటాయి కనుక ముందు వాటిని కొడవలితో కాకుండా చేత్తో విప్పి తీయాలి.