నాలుగో మాట దగ్గర ఆగిన ప్రశ్న

మొన్నటి శుభ శుక్రవారం పాలమూరు పట్టణంలోని ఒక చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన. నాలుగో మాట వంతు వచ్చిన ప్రసంగీకుడు "నా దేవా, నా దేవా, నన్నెందుకు చేయి విడిచితివి" అని చదివి, లోకం మీది కోపాన్నంతా తండ్రియైన దేవుడు సిలువ మీది ఆ మూడు గంటల్లో కుమారుడైన యేసు మీద తీర్చుకున్నాడని చెప్పాడు. ఆరాధన ముగిశాక, చెప్పులు విడిచిన చోట, యువజన సంఘానికి చెందిన ఒక అమ్మాయి ఆయనను ఆపింది. "అయ్యగారూ, క్షమించాలంటే ముందు ఎవరినో ఒకరిని కొట్టవలసిందేనా?" సాయంత్రానికి ఆ ప్రశ్న ఫోన్లలో జడ్చర్ల, దేవరకొండ సంఘాల దాకా పాకింది. ప్రేమ పేరుతో న్యాయాన్ని పలచన చేస్తున్నారని ఒక వర్గం, తండ్రిని కుమారుడికి శత్రువుగా నిలబెడుతున్నారని మరో వర్గం.

తొలి శతాబ్దాల చరిత్రలోకి వెళ్లనక్కరలేదు. ఈ తగవుకు మూలం 1098లో ఉంది. ఆ ఏడు ముగించిన గ్రంథంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ పాపాన్ని బాకీగా లెక్కగట్టాడు. దేవునికి చెందవలసిన గౌరవాన్ని మనిషి ఎగవేశాడు. తీర్చవలసింది మనిషే, తీర్చగలిగింది మాత్రం దేవుడే. అందుకే దేవుడు మనిషయ్యాడని ఆయన వాదం. అందులో చాలామంది గమనించని మాట ఒకటి ఉంది. పరిహారం లేదా శిక్ష, రెంటిలో ఒకటి జరగాలన్నాడు అన్సెల్మ్. అంటే బాకీ తీరితే ఇక శిక్ష ఉండదు. క్రీస్తు చెల్లించాడు కనుకనే దెబ్బ తప్పింది. ఆ లెక్కలో కుమారుణ్ణి కొట్టే తండ్రి లేడు.

నాలుగున్నర శతాబ్దాల తరువాత ఆ 'లేదా' చెరిగిపోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఓర్లియాన్‌లో, బూర్జ్‌లో న్యాయశాస్త్రం చదివిన మత సంస్కర్త జాన్ కాల్విన్ 1559 నాటికి తన మహాగ్రంథాన్ని తుదిరూపానికి తెచ్చేసరికి సిలువ నేర న్యాయస్థానం అయింది. శిక్షే పరిహారమైంది. మన స్థానంలో ముద్దాయిగా క్రీస్తు నిలబడ్డాడు. న్యాయం ఊరికే వదిలిపెట్టలేదనే ధైర్యాన్ని ఆ చిత్రం కోట్లమందికి ఇచ్చింది, అది చిన్న విషయం కాదు. అయితే ఆ పదహారో శతాబ్దంలోనే, 1527 జనవరిలో, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం ఇచ్చాడన్న నేరానికి ఫెలిక్స్ మాన్జ్‌ను మత సంస్కరణ బాట పట్టిన జూరిచ్ నగర మండలి లిమ్మాట్ నదిలో ముంచి చంపింది. కత్తి పట్టబోమన్న ఆ పునర్బాప్తిస్మవాదుల వారసులే మెన్నోనైట్లు.

పాలమూరుకు వాళ్లతోనే సంబంధం. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టారు. అమెరికా నుంచి వచ్చినవారు 1899లో హైదరాబాదు చేరారు. 1937లో మహబూబ్‌నగర్ క్షేత్రం బాప్టిస్టుల నుంచి వీరి చేతికి వచ్చింది. చెంపదెబ్బకు చెంప చూపమన్న సంప్రదాయం వారిది. కానీ ఉజ్జీవ సభల్లో వినబడిన కథ మాత్రం కోర్టు కథే: జరిమానా వేసిన జడ్జి, అంగీ విప్పి కిందికి దిగి, తానే చెల్లించడం. చిన్నప్పుడు ఆ కథకు నేనూ కన్నీళ్లు పెట్టుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అందులో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. అది అన్సెల్మ్ కథ.

వినేవాళ్లు ఎవరు? ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలు. తండ్రి పెళ్లికి తెచ్చిన అప్పుకు కొడుకు దొర ఇంట జీతం ఉన్న ఊళ్లివి. నిజాం కాలంలో దాన్ని భాగేలా అన్నారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు. ఆ తరువాతా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు విడిచిన పాలమూరు కూలీలకు బాకీ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. క్రీస్తు మరణాన్ని చెరలో ఉన్నవాణ్ణి విడిపించే వెలగా చెప్పే 'విమోచన క్రయధనము' అన్న మాట వాళ్ల చెవిన పడినప్పుడు ముద్దాయి బోను కంటే ముందు దొరవారి ఖాతా పుస్తకమే కళ్లముందు కదిలి ఉంటుంది.

తెలుగు బైబిలు కూడా ఆ వైపే మొగ్గింది. రోమా పత్రిక మూడో అధ్యాయం ఇరవై ఐదో వచనంలో ఇంగ్లీషు పాత అనువాదం కోపాన్ని చల్లార్చే అర్పణ అన్న అర్థమిచ్చే మాట వాడింది. మనవాళ్లు 'కరుణాధారము' అన్నారు. మూలంలోని గ్రీకు మాట గ్రీకు పాత నిబంధనలో దేవుని ఆజ్ఞల పలకలుంచిన మందసపు మూతకు పేరు, నిర్గమకాండంలో మనం 'కరుణాపీఠము' అని చదివేది అదే. ఆ మరుసటి వచనం దేవుణ్ణి విశ్వాసిని 'నీతిమంతునిగా తీర్చువాడు' అంటుంది. తీర్పు, తీర్చడం మన భాషలో ఒకే మొలక. బాకీ ఎదుటివాడి కోసం తీరుస్తాం, పగ మన కోసం తీర్చుకుంటాం. నాలుగో మాట ప్రసంగీకుడు వాడింది రెండోది, రోమా పత్రిక రాసిన పౌలు మాటకు తెలుగు బైబిలు వాడింది మొదటిది.

బయటా ఇదే మథనం. దేవుడే హింసకు కర్త అనే చిత్రాన్ని 2001లో అమెరికా మెన్నోనైట్ పండితుడు జె. డెన్నీ వీవర్ తోసిపుచ్చాడు. 2003లో ఇంగ్లండ్‌లో బాప్టిస్టు బోధకుడు స్టీవ్ చాక్ దాన్ని బిడ్డను హింసించడంతో పోల్చేసరికి సువార్తిక సంఘాలు రెండుగా చీలినంత పనయింది.

ప్రసంగీకుడి చేతిలో బలమైన ఆధారమే ఉంది. "అతని నలుగగొట్టుటకు యెహోవాకు ఇష్టమాయెను" అని యెషయా యాభై మూడు, పదో వచనం. నలిగినవాడికి న్యాయం చేయని దేవుడి ప్రేమ ఎందుకని కూడా ఆయన అడుగుతున్నారు. దెబ్బలు తిన్న వాడల్లో ఆ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. అయితే అదే అధ్యాయం నాలుగో వచనంలో, అతడు దేవునివలన బాధింపబడ్డాడని 'మనమే' ఎంచామన్న మాట ఉంది.

సంఘ కాపరి వచ్చే బుధవారం బైబిలు అధ్యయనానికి రోమా మూడో అధ్యాయం ప్రకటించారు. ప్రసంగీకుడు యెషయాతో వస్తానన్నారు. ఆ అమ్మాయి ఎనభై ఐదో కీర్తన దగ్గర గుర్తు పెట్టుకుంది: "నీతి సమాధానములు ఒకదానినొకటి ముద్దుపెట్టుకొనినవి."