గజ్జల్లో నొప్పి దాచుకోకండి

పిల్లలూ,

మోకాలికి దెబ్బ తగిలితే గ్రౌండ్ మధ్యలోనే అందరికీ చూపిస్తారు. గజ్జల్లో నొప్పైతే మాత్రం ఇంట్లో అమ్మక్కూడా చెప్పరు. "నరం పట్టేసింది" అనేసి, బామ్ రాసుకుని, మర్నాడు మళ్లీ విశాఖ పోర్టు స్టేడియానికి పరిగెడతారు. ఫిజియోగా ఇలాంటి ఆటగాళ్లను ఎంతోమందిని చూశాను కాబట్టి రాస్తున్నాను.

గజ్జలంటే తొడ, పొట్ట, తుంటి మూడూ కలిసే చోటు. మద్దిలపాలెం జంక్షన్‌లో బళ్లు ఆగిపోతే అడ్డం ఏ రోడ్డులో ఉందో చూస్తేగానీ తెలియదు కదా, ఇదీ అంతే. ఒకప్పుడు ఒకే నొప్పికి ఒక్కో డాక్టరు ఒక్కో పేరు పెట్టేవాడు. 2014లో 14 దేశాల నుంచి 24 మంది నిపుణులు దోహాలో కూర్చుని, నొప్పి పుట్టే చోటును బట్టి పేర్లు ఖరారు చేశారు.

ఫుట్‌బాల్‌లో ఎక్కువగా దెబ్బతినేది తొడ లోపలి కండరం. బంతి తన్నేటప్పుడు, పరుగులో చటుక్కున దిక్కు మార్చేటప్పుడు భారమంతా దానిదే. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య నా పిడికిలి పెట్టి "గట్టిగా నొక్కు" అంటాను. తర్వాత ఆ కండరం వెంట వేలితో తడుముతూ ఎముకకు అతుక్కునే చోటుదాకా వెళ్తాను. నొక్కినప్పుడూ, తడిమినప్పుడూ ఒకే చోట "అబ్బా" అంటే దొంగ దొరికినట్టే.

దగ్గినా తుమ్మినా పొత్తికడుపు కింద కలుక్కుమంటే వేరే దారి చూడాలి. అక్కడ ఉబ్బు కూడా కనిపిస్తే హెర్నియా కావచ్చు. మోకాలు మడిచి ఛాతీ వైపు తెచ్చి లోపలికి తిప్పినప్పుడు లోతుగా నొప్పి వస్తే తుంటి కీలును అనుమానిస్తాం. ఈ పరీక్షలో నొప్పి రాకపోతే కీలు బాగుందని చాలావరకు నమ్మొచ్చు గానీ, వచ్చినంత మాత్రాన తప్పు కీలుదేనని తేలదు. ముందే ఎంఆర్‌ఐకి తొందరపడేవాళ్లంటే నాకు చిరాకు. ఏ నొప్పీ లేని ఆటగాళ్ల స్కాన్‌లోనూ అక్కడ ఏవో మార్పులు కనిపిస్తుంటాయి.

అయితే మీ వయసులో కొన్నిటికి ఆలస్యం పనికిరాదు. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. పరుగులో టక్కుమని శబ్దమై కుప్పకూలితే, కండరం లాగిన చోట ఎముక ముక్కే ఊడి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయాలి. పది నుంచి పదహారేళ్ల లోపు పిల్లల్లో, ముఖ్యంగా కాస్త బొద్దుగా ఉన్నవాళ్లలో, తుంటి బంతి, అంటే తొడ ఎముక పైకొసన ఉండే గుండ్రని భాగం, తన చోటు నుంచి జారిపోవచ్చు. విచిత్రం ఏమిటంటే, చాలామంది మోకాలు నొప్పి అనే వస్తారు. కుంటుతూ, పాదం బయటికి తిరిగి ఉంటే ఆ కాలు మీద బరువే వేయకూడదు. రెండు తుంటిలకూ అదే రోజు ఎక్స్‌రే తీయించాలి. బీచ్ రోడ్డు మీద మారథాన్ కోసమని ఒక్కసారిగా పరుగు పెంచేసే అన్నయ్యలూ అక్కయ్యలూ, అడుగు వేస్తే నొప్పి, రాత్రి కూడా నొప్పి అంటే తొడ ఎముక మెడలో, అంటే ఆ బంతికి కాస్త కిందుండే భాగంలో, సన్నని చీలిక ఉండొచ్చు. అది మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, అక్కడ మాత్రం ఎంఆర్‌ఐ అడగాల్సిందే.

మగపిల్లలకు ఇంకొక్క మాట. ఉన్నట్టుండి వృషణంలో విపరీతమైన నొప్పి, దానితో వాంతులు వస్తే అర్ధరాత్రైనా సరే నాన్నని లేపి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లండి. వృషణం మెలిపడితే ఆరు గంటల్లోపు సరిచేయాలి. సిగ్గు తర్వాత పడొచ్చు.

తొడ కండరం నొప్పైతే ఊరికే పడుకున్నంత మాత్రాన తగ్గదు, దానికి మెల్లమెల్లగా బలం పెంచాలి. నార్వేలో మగ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఇందుకోసం ఒకే ఒక్క వ్యాయామం చేయిస్తే గజ్జల సమస్యల ముప్పు 41 శాతం తగ్గిందని 2019లో ప్రచురించారు. ఇద్దరు కలిసి చేసేది: ఒకరు పక్కకు తిరిగి పడుకుంటే, రెండోవారు పైకాలు పట్టుకుంటారు. శనివారం సాయంత్రం జంటలుగా రండి, నేర్పిస్తాను. కింద పరుచుకోవడానికి దుప్పటి తెచ్చుకోండి.

మీ ఫిజియో తాతయ్య